మాట నడుమ ‘క’

నాకు నత్తి. చిన్నప్పుడు ఎక్కువ, ఇప్పుడు తక్కువ. అంతేగాని అది నన్ను వదిలిపెట్టి ఎటూ పోలేదు. పెదవులు కలిస్తే తప్ప పలకని అక్షరాలున్నాయే, ప, బ, మ, వాటి దగ్గర నేను ఆగిపోయేదాన్ని. ‘త’ దగ్గర కూడా. పెదవులు మూసుకునేవి, తెరుచుకునేవి కావు. లోపల మాట మొత్తం తయారుగా ఉండేది, గొంతు దాకా వచ్చి నిలబడేది. ఎదుటివాళ్లు నా మొహంలోకి చూసి, తర్వాత నేలలోకి చూసేవాళ్లు. నా పేరు కూడా ‘ప’తోనే మొదలవుతుంది. పెట్టినవాళ్లకు ఏం తెలుసు పాపం.

మా ఇల్లు హనుమకొండ చౌరస్తాకు కొంచెం లోపల. ముందు బాపు బట్టల దుకాణం, వెనక మేం ఉండే గదులు. గిరాకీ వచ్చినవాళ్లు బట్ట చూస్తూ చూస్తూ నన్ను దగ్గరికి పిలిచి “నీ పేరేందిరా బిడ్డా” అనేవాళ్లు. నేను గుమ్మం వెనక్కి పారిపోయేదాన్ని. బాపు నవ్వి, “సిగ్గు” అని చెప్పి బట్ట కొలిచేవాడు. సిగ్గు కాదని బాపుకు తెలుసు.

వైద్యాలు చాలానే చేశారు. వసకొమ్మును తేనెలో అరగదీసి నాలుక మీద రాసేవాళ్లు. దాని చేదు ఇప్పటికీ తలుచుకుంటే మొహం ముడుచుకుంటుంది. దర్గాలో తాయెత్తు కట్టించారు. ఎవరో చెబితే ఒక నాటు వైద్యుడి దగ్గరికి కూడా తీసుకుపోయారు. ఆయన నా నోరు తెరిపించి చూసి, నాలుక కింద నరం కోస్తే సాఫ్ అయిపోతుందన్నాడు. బాపు అప్పటికప్పుడు నన్ను ఎత్తుకుని లేచాడు. “మాట రాకపోతే రాకపాయె, నా బిడ్డ నాలికె మీద కత్తి పెట్టనియ్య” అన్నాడు. దారిలో నాకు గోలీ సోడా తాగించాడు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మకు చెల్లెలు. నర్సంపేట దగ్గర పల్లెలో పది పాసై, ఇంటర్ చదువుకోవడానికి మా దగ్గర ఉండిపోయింది. రెండు జడలు, గలగలా నవ్వు, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండే నోరు. వచ్చిన వారానికే మా వాడకట్టులో ఉన్న ఆడపిల్లలందరూ ఆమెకు దోస్తులయ్యారు. వాళ్లంతా మా వెనక అరుగు మీద చేరి ఏదో భాష మాట్లాడుకునేవాళ్లు. తెలుగులాగే ఉండేది, కానీ తెలుగు కాదు. అమ్మ వంటింట్లోంచి చెవి రిక్కించి విని, “ఏం పాడు మాటలే అవి” అని కసురుకునేది. అమ్మకు అర్థం కాకూడదనే కదా వాళ్ల తాపత్రయం.

అది క భాష. చాలామంది ఆడపిల్లలకు తెలిసిందే. మాటను అక్షరం అక్షరంగా విరిచి, ప్రతి అక్షరానికి ముందు ఒక ‘క’ పెట్టడం. అరటిపండు వలిచినంత తేలిక. కానీ వేగంగా మాట్లాడితే బయటివాళ్లకు ఒక్క ముక్క అంతుబట్టదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను పక్కన కూర్చున్నాను. చిన్నమ్మ తలుపు దగ్గర నిలబడి, అమ్మను చూడకుండా నన్ను చూస్తూ గబగబా అన్నది.

“కసి కని కమా కకు కపో కదా కమా?”

సినిమాకు పోదామా. నాకు వెంటనే అర్థమైంది. వాళ్ల మాటలు విని విని అప్పటికే చెవికి పట్టుకున్నాయి. ఆలోచించకుండానే నోరు తెరిచాను.

“కపో కదాం. కబు కవ్వ కతి కన్నం కక.”

పోదాం, బువ్వ తిన్నాక అని. చిన్నమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. వచ్చి నా ముందు గొంతుక్కూర్చుని నా గడ్డం పట్టుకుంది.

“మల్ల అను.”

మళ్లీ అన్నాను.

“ఏందే పిల్లా, నీ నత్తి ఏడబోయింది?”

అప్పుడు గాని నాకు తెలియలేదు. ‘పోదాం’లో ప ఉంది. ‘బువ్వ’లో బ ఉంది. ‘తిన్నంక’లో త ఉంది. నన్ను రోజూ నిలబెట్టేసే అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కదాని దగ్గర కూడా నేను ఆగలేదు. నాకు ‘క’ ఎప్పుడూ ఇబ్బంది పెట్టని అక్షరం. దాన్ని ముందు వదిలితే వెనక అక్షరం దాని ఊపులో వచ్చేస్తోంది.

“అక్కా, ఇంటాన్నవా? అక్కా!” అని చిన్నమ్మ అరిచింది. అమ్మ చాటను పక్కన పెట్టింది. ఆమెకు ఏం జరిగిందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చిన్నమ్మ నన్ను పరీక్ష పెట్టినట్టు ఒక్కో మాట అడిగింది. పాలు, బెల్లం, మామిడిపండు, తమ్ముడు. అన్నిటికీ ‘క’ పెట్టి చెప్పాను. చివరికి, “నీ పేరు?” అంది. చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక నా పేరు నేను ఆగకుండా చెప్పుకున్నది అదే మొదలు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మాకు సినిమాకు పర్మిషన్ దొరికింది, బాపు కూడా దుకాణం మూసి వచ్చాడు.

ఆ తర్వాత ఇంట్లో క భాష అధికార భాష అయిపోయింది. బాపు కూడా నేర్చుకున్నాడు గాని ఆయనకు వేగం రాలేదు. ప్రతి అక్షరానికీ వేలు మడుస్తూ, “క... బి, క... డ్డా” అని పిలిచేవాడు. అమ్మ మాట్లాడేది కాదు, వినేది. చిన్నమ్మా నేనూ మాత్రం రోజంతా అందులోనే. జడలు వేసేటప్పుడు, బావి దగ్గర బట్టలు ఉతికేటప్పుడు, చౌరస్తాలో జామపండ్ల బండి దగ్గర బేరం ఆడేటప్పుడు. ఒకసారి పిండి గిర్ని దగ్గర మేమిద్దరం ఇలా మాట్లాడుకుంటుంటే, అక్కడ కూర్చున్న ముసలమ్మ చిన్నమ్మను అడిగింది.

“ఏ ఊరోళ్లు బిడ్డా మీరు? అరవమోళ్లా?”

“అవునవ్వా, మద్రాసు” అంది చిన్నమ్మ. నాకు నవ్వు ఆగలేదు. ముసలమ్మ జాలిగా నా తల నిమిరి, “ఇంత దూరమొచ్చిన్రా” అన్నది.

కానీ లోకమంతా క భాష మాట్లాడదు కదా. బడిలో టీచరు లేపితే నేను మామూలుగానే ఆగిపోయేదాన్ని. అప్పుడు చిన్నమ్మ ఒక ఉపాయం నేర్పింది. “క గట్టిగ అనకు. లోపలనే అనుకో. పెయికి ఇనవడాలె, చెవికి ఇనవడద్దు” అన్నది. పెయి అంటే ఒళ్లు. అది కొన్నిసార్లు పనిచేసేది, కొన్నిసార్లు చేసేది కాదు. పనిచేసిన రోజు నేను ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చేదాన్ని. పనిచేయని రోజు చిన్నమ్మ నాకు కథలు చెప్పేది, ఏమీ అడిగేది కాదు.

ఇంటర్ అయ్యాక ఆమె డిగ్రీ మొదలుపెట్టింది. అది పూర్తికాక ముందే కాజీపేటలో రైల్వే పని చేసే చిన్నాయనతో పెళ్లయింది. కాజీపేట ఎంత దూరం, సిటీ బస్సు ఎక్కితే దిగడమే. అయినా పక్కన చాప ఖాళీ అయితే దూరం దూరమే. పెద్ద తరగతులకు వచ్చేసరికి నేను బాగా మౌనం పట్టాను. అడిగిన దానికి తల ఊపడం, రాసి చూపించడం. మార్కులు బాగా వచ్చేవి. మాట్లాడని పిల్ల మంచి పిల్ల అని బడిలో పేరు. ఆదివారాలు మాత్రం రైల్వే క్వార్టర్స్‌కు పోయి, చిన్నమ్మ వంటింట్లో పీట వేసుకుని, వారమంతా దాచుకున్న మాటలన్నీ కక్కేసేదాన్ని. చిన్నాయన డ్యూటీ దిగి వచ్చి, మా భాష విని, “ఏ లైన్ల పోతాంది ఇయ్యాల బండి?” అని నవ్వేవాడు.

ఎం.ఏ. తెలుగులో చేరడం నా నిర్ణయమే. బాపు వద్దనలేదు. “చదువు బిడ్డా. మాట్లాడుడు తక్కువుంటది, రాసుడు ఎక్కువుంటది” అన్నాడు. ఆ లెక్క తప్పింది.

మాకు భాషాశాస్త్రం చెప్పే మేడమ్ కోస్తా నుంచి వచ్చిన ఆవిడ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నూలు చీరలో, చేతుల నిండా సుద్దపొడితో ఉండేవారు. ఆవిడ మాట తీరు విని మొదట్లో మావాళ్లు వెనక నవ్వుకునేవాళ్లు. మా మాట తీరు విని ఆవిడ మాత్రం నవ్వేవారు కాదు. “ఏదీ, మళ్లీ అను నాయనా. ‘పోతాండు’ అన్నావా? బాగుంది, బోర్డు మీద రాస్తా” అని రాసుకుని దాన్నే పాఠంగా చెప్పేవారు. నెల తిరిగేసరికి వెనక నవ్వులు ఆగిపోయాయి.

ఒక రోజు ఆవిడ ప్రత్యయాల గురించి చెబుతున్నారు. మాటకు ముందు అతికేవి కొన్ని. న్యాయానికి ముందు ‘అ’ చేరితే అన్యాయం. వెనక అతికేవి కొన్ని. మన తెలుగుకు అవే ఎక్కువ, ఊరికి, ఊరిలో, ఊర్లు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. తర్వాత ఆవిడ బోర్డు చెరిపి, చేతులు దులుపుకుని అన్నారు.

“ముందూ కాదు, వెనకా కాదు. మాటను చీల్చుకుని లోపలికి పోయి కూచునేవి కొన్ని ఉన్నాయి. వాటిని మధ్యప్రత్యయాలంటాం.”

బోర్డు మీద ‘యుజ్’ అని రాశారు. కలపడం. దీని నుంచే యోగం, యుక్తి. కానీ సంస్కృతంలో ‘కలుపుతున్నాడు’ అనాలంటే ‘యునక్తి’. యు-కీ జ-కీ నడుమ ‘న’ దూరింది, చివరి జ కాస్తా క అయింది. ఛిద్ అంటే నరకడం, నరుకుతున్నాడంటే ఛినత్తి. రుధ్ అంటే అడ్డుకోవడం, అడ్డుకుంటున్నాడంటే రుణద్ధి. లాటిన్‌లోనూ ఇదే తంతు అన్నారు. ‘గెలుస్తున్నాను’ అంటే వింకో, ‘గెలిచాను’ అంటే వీకీ. మొదటి దాంట్లో అనుస్వారం లోపలికి దూరింది, రెండోదాంట్లో లేదు. రెండు భాషలూ ఎప్పుడో ఒకే తల్లి ఒడిలోంచి వచ్చాయి గనక ఆ అలవాటు రెండిటికీ మిగిలిందట. ఇదంతా చచ్చిపోయిన భాషల సంగతి అనుకోవద్దు, అని ఫిలిప్పీన్స్ దాకా తీసుకుపోయారు. అక్కడ సూలత్ అంటే రాత, సుమూలత్ అంటే రాశాడు. ‘ఉమ్’ లోపలికి పోయింది. కంబోడియాలో నడవడానికి ఒక మాట ఉంది, దాని కడుపులో ‘మ్న’ దూర్చితే ప్రయాణం అవుతుంది.

“తెలుగులో ఉందా ఇలాంటిది?” అని అడిగారు.

ముందు బెంచీ అబ్బాయి లేచి, “ఉంది మేడమ్. చేసిండు, చేయించిండు. ‘ఇంచు’ నడిమిట్ల వచ్చింది” అన్నాడు.

“మంచి ప్రశ్న వేశావు, జవాబు రూపంలో” అన్నారు మేడమ్. “కానీ చూడు, ‘చేయి’ అనే ధాతువు అయిపోయాక వచ్చింది ‘ఇంచు’. ధాతువు చెక్కుచెదరలేదు. ఇంటి పక్కన ఇల్లు కట్టుకుంది అంతే. నాకు ఇంట్లోకి దూరేది కావాలి.”

మాటను మధ్యలో తెరిచి ఇంకో శబ్దాన్ని లోపల పెట్టడం. అది నాకు తెలిసినంతగా ఆ గదిలో ఎవరికి తెలుసు? నేను బతికిందే దాని మీద. ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు. నన్ను చూసి క్లాసు మొత్తం ఇటు తిరిగింది. నేను లేవడం వాళ్లెప్పుడూ చూడలేదు.

‘మాకు తెలుసు’ అనాలి. ‘మా’ దగ్గరే పెదవులు మూసుకుపోయాయి. మ్, మ్ అంటూ ఉండిపోయాను. ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ అటు చూడలేదు, నా వైపే చూస్తూ ఉన్నారు. సాయం చేస్తున్నట్టు తల ఊపలేదు, “ఫర్వాలేదు కూచో” అనలేదు. చేతిలో సుద్దముక్కతో ఊరికే నిలబడ్డారు, బస్సు వస్తుందని నమ్మకం ఉన్న మనిషి స్టాపులో నిలబడ్డట్టు.

నేను కళ్లు మూసుకుని అనేశాను.

“కమా కకు కతె కలు కసు కమే కడం.”

అంతలో వెనక బెంచీ నుంచి, మడికొండ నుంచి సైకిలు మీద వచ్చే ఒక అబ్బాయి లేచి, గంభీరంగా, “కనా కకు కగూ కడ” అన్నాడు. నాకు గూడ అని. ఇక క్లాసు ఆగలేదు. ఒకరు చ భాష అన్నారు, ఒకరు మా ఊళ్లో ర తో మాట్లాడుకుంటామన్నారు. ఇద్దరు ఆడపిల్లలు నా వైపు తిరిగి క భాషలోనే ఏదో అడిగారు, నేను జవాబు చెప్పాను. ఏడాదిగా పక్క పక్కన కూర్చుని నేను వాళ్లతో మాట్లాడిన మొదటి వాక్యం అది. మేడమ్ బల్ల మీద కూర్చుని నవ్వుతూ వింటున్నారు.

గోల తగ్గాక ఆవిడ చెప్పారు. మొదటి ‘క’ మాట బయటే ఉంది, మిగతావన్నీ లోపలే ఉన్నాయి, కాబట్టి చోటు సరిగ్గానే కనిపెట్టావు. కానీ మధ్యప్రత్యయం వస్తే మాట అర్థం మారాలి. ఇది ఆట, అర్థం మారదు. ఆ తేడా ఏమిటో, ఏ భాషలో ఏది ఎక్కడ దూరుతుందో చూసి, వచ్చే నెల నువ్వే సెమినార్ ఇవ్వాలి.

క్లాసు అయ్యాక వరండాలో ఆవిడ వెంటపడ్డాను. “మేడమ్, నాకు... నాకు నత్తి” అన్నాను. ఆ మాట ఎవరికైనా నోటితో చెప్పడం అదే మొదటిసారి.

“విన్నానమ్మా. అందుకే వేరేవాళ్లకు సగం పీరియడ్ ఇస్తాను, నీకు మొత్తం ఇస్తాను. తొందర లేదు.”

ఆ నెలంతా లైబ్రరీలోనే గడిచింది. ఒకచోట నాకు అరబ్బీ ప్రస్తావన దొరికింది. అందులో మాటకు మూడు హల్లులు వేరులా ఉంటాయని, మొదటి హల్లు తర్వాత ‘త’ దూర్చి కొత్త మాట చేస్తారని రాసి ఉంది. ఉదాహరణలు మాత్రం నాకు అర్థం కాలేదు. అప్పుడు బాపు గుర్తుకు వచ్చాడు. బాపు నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదివినవాడు. ఆ ఉర్దూలో అరబ్బీ మాటలు బోలెడు.

ఎండాకాలం మధ్యాహ్నం, బజారంతా పడుకున్న వేళ, దుకాణంలో ఆయన పక్కన పోయి కూర్చున్నాను. జమా అనే మాటలో ‘త’ పెడితే ఏమవుతుంది బాపూ అని మెల్లగా, ఆగుతూ ఆగుతూ అడిగాను. ఆయన విసనకర్ర ఆపాడు.

“జమా... ఇజ్తెమా. మందంత జమైతే ఇజ్తెమా గదా.” కొంచెం ఆగి, “నువ్వు ఉర్దూ నేర్చుకుంటాన్నవా?” అన్నాడు.

“ఇంకోటి చెప్పు.”

ఇక ఆయనకు హుషారు వచ్చింది. వేళ్ల కణుపుల మీద హల్లులు లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఉస్తాద్ అలాగే నేర్పాడట. మీమ్, హే, నూన్. మెహనత్. దాంట్లోనే ‘తే’ పెడితే ఇమ్తెహాన్. “అరె!” అని తనే ఆశ్చర్యపోయాడు. “కష్టం జేసుడు, పరీక్ష రాసుడు, రెండూ ఒక్క ఇంటివే. గిన్నేండ్ల సంది రెండు మాటలూ వాడుతాన, ఎన్నడూ సోచాయించలే.”

“మరి ఇంతెజార్?”

ఆయన కణుపులు లెక్కబెట్టాడు. నూన్, జోయ్, రే. పెదవులు కదిలించుకుంటూ మధ్యలోంచి ‘తే’ తీసేశాడు. నా వైపు చూశాడు.

“నజర్.”

చూపు. చూపులోంచి ఎదురుచూపు. ఆయన, “నజర్ పెట్టి కూసుంటేనే గదనే ఇంతెజార్” అని, మళ్లీ విసనకర్ర తీసుకుని ఈసారి నాకు విసరడం మొదలుపెట్టాడు. సాయంత్రం గిరాకీ వచ్చినా ఆయన ధ్యాస బట్ట మీద లేదు. మీటరు కొలుస్తూ కొలుస్తూ లోపలికి తిరిగి, “ఇంకోటి దొరికింది బిడ్డా!” అని అరిచేవాడు. మష్హూర్, ఇష్తెహార్. పేరు మోగినవాడు, పేరు మోగించే ప్రకటన. గిరాకీవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు.

సెమినార్ రోజు చిన్నమ్మ కాజీపేట నుంచి వచ్చింది. నేను రమ్మనలేదు, వస్తుందని తెలుసు. మూడో పిల్లను చంకన వేసుకుని, మేడమ్ దగ్గరికి పోయి, “నేను ఆ పిల్ల చిన్నమ్మను. ఎన్క కూసుంట, సప్పుడు చెయ్యను” అని చెప్పింది. మేడమ్ తన కుర్చీ ఇచ్చారు గాని చిన్నమ్మ తీసుకోలేదు, చివరి బెంచీలో సర్దుకుంది.

నేను ఒక నిర్ణయం చేసుకుని వచ్చాను. ‘క’ పెట్టను. నోట్లోనూ పెట్టను, లోపలా పెట్టను. వచ్చినట్టు వస్తుంది, ఆగినచోట ఆగుతుంది. ఎందుకలా అనుకున్నానంటే, నేను చెప్పబోయేది మాటల లోపలికి దూరేవాటి గురించి. అది చెబుతూ చాటుగా ఒకదాన్ని దూర్చుకోవడం నాకే బాగనిపించలేదు.

సంస్కృతం బాగానే సాగింది. రుణద్ధి దగ్గర ఆగలేదు, అడ్డుకోవడం గురించే చెబుతూ అడ్డు లేకుండా పోయాను. ఫిలిప్పీన్స్ చెప్పాను. కంబోడియా చెప్పాను. బాపు ఇచ్చిన మాటలు బోర్డు మీద రాసి, లోపలి ‘త’ చుట్టూ సున్నా చుట్టాను. ఉర్దూ తెలిసిన ఒక అబ్బాయి “వాహ్” అన్నాడు. ఆ ఊపులో ‘ప్రత్యయం’ అనబోయి దొరికిపోయాను. ప్ర... ప్ర... పెదవులు బిగుసుకున్నాయి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. మేడమ్ కిటికీ పక్కన నిలబడి, ఆ రోజు లాగే, నన్ను చూస్తున్నారు. చిన్నమ్మ రెండు చేతులతో ఒళ్లో పిల్లను గట్టిగా పట్టుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, లోపల ‘క’ అంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు చిన్నమ్మ ఒళ్లో ఉన్న బుడ్డది నన్నే చూసి, చాలా సంతోషంగా, “ప్ర! ప్ర! ప్ర!” అని నోటితో ఉమ్ము బుడగలు ఊదింది. స్కూటర్ నడిపినట్టు. అందరూ ఒక్క క్షణం నా మొహం చూశారు, నవ్వాలో వద్దో తెలియక. ముందు నేనే నవ్వాను. నవ్వుకు పెదవులు విడిపోయాయి. ఆ వెనకే ‘ప్రత్యయం’ దానంతట అదే బయటికి వచ్చింది. క్లాసు ఘొల్లుమంది. చిన్నమ్మ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టి, “చెప్పు చెప్పు, నువ్వు చెప్పు” అంది.

చివర క భాష గురించి చెప్పాను. అరబ్బీ ‘త’ చూపును ఎదురుచూపుగా మార్చింది. సంస్కృతపు ‘న’ ధాతువును వాక్యంలో నిలబడే క్రియగా మార్చింది. మా ‘క’ ఏ మాటనూ మార్చదు. అందుకని అది మధ్యప్రత్యయం కాదు, దానికి చుట్టం అనుకోవచ్చు, అన్నాను.

మేడమ్ వెనక బెంచీ వైపు తిరిగారు. “చిన్నమ్మగారూ, మీరేమంటారు? ఈ భాష మీదే కదా. ‘క’ పెడితే ఏం మారుతుంది?”

చిన్నమ్మ బిత్తరపోయింది. లేచి నిలబడి, పిల్లను భుజం మార్చుకుంది.

“మాట ఏం మారది మేడమ్” అన్నది. “పిల్ల మాట్లాడింది. గంతే.”

మేడమ్ క్యాంటీన్‌కు తీసుకుపోయి అందరికీ సమోసాలు తినిపించారు. బుడ్డదాన్ని ఎత్తుకుని, “ప్ర అనవే, ప్ర అను” అని బతిమిలాడారు గాని, అది సమోసా చేతికి వచ్చాక ఇక నోరు తెరవలేదు.

చదువు అయ్యాక నాకు నర్సంపేటలో ఒక కాలేజీలో పాఠం చెప్పే పని దొరికింది. ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ భయమే. నాకూ భయమే. నా పిల్లలంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. పొద్దున పత్తి చేలో పని చేసి, కాళ్లు కడుక్కుని క్లాసుకు వచ్చేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. మొదటి రోజు లోపలికి పోగానే, పుస్తకం తెరవక ముందే చెప్పేశాను. నాకు కొన్ని అక్షరాల దగ్గర ఆలస్యం అవుతుంది, మీరు కొంచెం ఆగాల్సి వస్తుంది అని. అది చెప్పడానికే చాలా సేపు పట్టింది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. మూడో వరసలో, తలకు నూనె గట్టిగా పెట్టుకున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్” అన్నది. “మా బస్సు నాలుగు గొట్టినంకగాని రాదు. మీరు నిమ్మలంగ చెప్పుండ్రి.”